సోఫా వెనక గోడ

అవ్వా,

జనగామలో మన ఇల్లు అమ్మకానికి పెట్టాను. ఖాళీ గదుల ఫొటోలు తీసుకెళ్లిన బ్రోకర్, కంప్యూటర్‌లో వాటినిండా సామాను పెట్టి పంపాడు.

"గిట్ల చూపిస్తెనే కొంటరన్నా."

నువ్వు చిక్కుడుకాయలు ఒలుస్తూ ఆనుకుని కూర్చునే గోడ దగ్గర నీలం సోఫా వేశాడు. ఫొటోలో గోడ మీది నీ తలనూనె మరకను తుడిచేశాడు. నాకు ఒళ్లు మండింది.

ఇవాళ ఒక జంట ఇల్లు చూడవచ్చింది. ఆమె ఫోన్ పట్టుకుని గదంతా వెతికింది.

"సోఫా ఏది అన్నా?"

"అది ఉత్త బొమ్మనే చెల్లె."

ఎండన పడి వచ్చింది పాపం. కిందనే కూర్చుని, సరిగ్గా నీ మరకకే తల ఆనించింది.

"జర మంచినీళ్లిస్తవా?"

"తెస్తున్న అవ్వా" అన్నాను.

నువ్వు పోయాక ఈ ఇంట్లో నేనలా పిలవడం ఇదే మొదటిసారి.