అమ్మ ఇచ్చిన గోడ

వుకాషిన్ అన్నయ్యా,

రికార్డ్ ప్లేయర్ కొనేశాను. నువ్వు చెప్పిన ఖరీదైనది కాదు. పాతదే, సూది మాత్రం కొత్తది, పక్కన రెండు చిన్న స్పీకర్లు. దుకాణంలో కూర్చుని విన్నప్పుడు భేషుగ్గా పాడింది. ఇంట్లో పెట్టగానే అందరూ చేతులు పట్టుకుని గుండ్రంగా కోలో ఆట మొదలెట్టారు. చెక్కనేల ఊగింది, సూది ఎగిరి పాట చివర్లో పడింది.

"ఆడకుండా వినండి," అన్నాను.

"చావింట్లోలా కూర్చోమంటావురా?" అంది అమ్మ.

మనింట్లో కదలని గోడ ఒక్కటే, సెయింట్ నికోలా పటం ఉన్న తూర్పు గోడ. అక్కడ ప్లేయర్ పెట్టే బల్ల బిగించడానికి నేను జంకుతుంటే, అమ్మే పటాన్ని మూరెడు పైకి జరిపింది.

"మనం ఆడేది ఆయన పండక్కేగా! ఆయన్నీ విననీ."

ఇప్పుడెంత గెంతినా సూది బెదరదు. పండక్కి నీ పెద్ద స్పీకర్లు మోసుకురాకు. గట్టి బూట్లు వేసుకుని రా.

నీ తమ్ముడు