తామరలో కెంపు

ఆగస్టు 1, శనివారం

దొంగనట. నేను. ఈడేపల్లి ప్లీడరు గారి అరుగు మీద, నలుగురూ వింటుండగా. ఆయన భార్య గొంతు కూడా పెంచలేదు. "కొక్కెం బాగుచెయ్యమని ఇచ్చాం ఆచారీ, రాయి మార్చమని కాదు."

లక్ష్మీ పతకం. ప్లీడరు గారి తల్లి పెళ్ళికి మా నాన్న చేసింది. మధ్యలో అమ్మవారు, అటూ ఇటూ హంసలు, కింద తామర, తామర నడుమ శనగగింజంత కెంపు, మామిడిపిందె వంపుతో. నిన్న వరలక్ష్మీ వ్రతానికి బయటికి తీస్తే కెంపు నల్లబడి, బూజు పట్టినట్టుందట. రెండు నెలల కిందట కొక్కెం వేసింది నేను. కాబట్టి రాయి కాజేసిందీ నేనే.

దేంతో కడిగారమ్మా అన్నాను. "రాత్రంతా కుంకుడు రసంలో నానేశాం, శుభ్రంగా." శుభ్రంగానట. పాత నగల్లో రాయి కింద ఎర్ర రేకు పరుస్తాం. సందుల్లోంచి తడి దిగితే రేకు చస్తుంది, పైన రాయి కూడా చచ్చినట్టే కనిపిస్తుంది. చెప్పాను. రెండుసార్లు చెప్పాను. గోడకి చెప్పినట్టే ఉంది.

విప్పి చూపిస్తానన్నాను. ఉలి మొనతో అంచు ఎత్తితే చాలు, పావుగంట పని. "శ్రావణమాసంలో అమ్మవారి మీద ఉలి పెట్టిస్తామా?" అంది. నన్ను దొంగ అనడానికి మాత్రం శ్రావణం అడ్డు రాలేదు.

ఆగస్టు 2

అన్నం సహించలేదు. మా ఆవిడ సుందరమ్మ వడ్డించింది, కాసేపు చూసింది, కంచం తీసేసింది.

ఆగస్టు 3, సోమవారం

పెట్టెలోంచి బర్మా కెంపు తీసి కిటికీ దగ్గర పట్టుకున్నాను. నా దగ్గరున్న అసలైన రాయి ఇదొక్కటే. పోయే ముందు నాన్న నా గుప్పిట్లో పెట్టి వేళ్ళు మూశాడు. ఎక్కడిదని నేనడగలేదు. కింద రేకూ లేదు, ఏమీ లేదు, దానికదే నిప్పులా ఉంది. ఇలాంటి రాయి ఇరవయ్యేళ్ళుగా ఇంట్లో ఉంచుకుని అమ్ముకోనివాణ్ణి, ఊళ్ళోవాళ్ళ రాళ్ళు కాజేస్తానా... ఒళ్ళు మండిపోతోంది.

ఆగస్టు 5, బుధవారం

పామర్రు వాళ్ళు వచ్చి సగం పనిలో ఉన్న నాగవంకీ వెనక్కి పట్టుకుపోయారు. పడగ మీద పొలుసులు ఒక్కొక్కటే చెక్కుతూ కళ్ళు లాగేస్తుంటే — "తొందరేం లేదులెండి ఆచారి గారూ, తర్వాత చూద్దాం." నా మొహం చూడకుండా చెప్పారు. బందరులో మాట నాలుగు రోజుల్లో పామర్రు చేరింది.

సుందరమ్మ మెల్లిగా — చిలకలపూడిలో వాళ్ళన్నయ్య పని ఇప్పిస్తాడట... పూర్తి చెయ్యనివ్వలేదు. రాగి మీద బంగారం పూసి నగ అని అమ్మే చోట నేను కూర్చోవాలా? పక్కింటికి వినపడేలా అరిచాను. పాపం, అది నాకేం చేసిందని.

ఆగస్టు 7

ప్లీడరు గారి వీధి తప్పించి చుట్టూ తిరిగి వెళ్ళాను. దొంగలు తిరిగేది ఇలాగే. ఛీ.

ఆగస్టు 9, ఆదివారం

అమ్మ పాపిటబిళ్ళ ఉంది. నెలవంక, దాని కింద కెంపు. నాన్న అంటూండేవాడు — ప్లీడరు గారింటి తామరలో రాయీ, మీ అమ్మ పాపిట్లో రాయీ ఒకే పొట్లంలోవిరా, అక్కాచెల్లెళ్ళు. సరే. వాళ్ళ పతకం విప్పనివ్వరు కదా. వాళ్ళ కళ్ళెదురుగా దీన్ని కుంకుడు రసంలో వేస్తాను.

"అత్తయ్య వస్తువండీ అది" అంది సుందరమ్మ. తెలుసు.

ఆగస్టు 10, సోమవారం

వేశాను. వాళ్ళ గిన్నె, వాళ్ళు కాచిన రసం, వాళ్ళ అరుగు. మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చున్నాను, మంచినీళ్ళు కూడా అడక్కుండా. ప్లీడరు గారి తల్లి గుమ్మంలో నిలబడి చూస్తోంది.

తీశాను. ఎరుపు పోయింది. వాళ్ళ పతకంలో ఉన్న నలుపే. చూడండమ్మా అన్నాను. గెలిచాననుకున్నాను.

కోడలుగారు వేలితో తిప్పి తిప్పి చూసింది. "అయితే ఎరుపు రాయిది కాదన్నమాట. రేకుది."

"అందరూ రేకు వేస్తారమ్మా, కాంతి కోసం."

"బర్మా కెంపుకి కూడానా? రేకు పోతే మాత్రం అంత ఎర్రరాయి ఇలా అవుతుందా? మా అత్తగారికి బర్మాదని చెప్పేగా ఇచ్చాడు మీ నాన్న." ఆగింది. "సరేలే. నువ్వు మార్చలేదు. అయితే మీ నాన్నే..."

గిన్నె కడిగి ఇచ్చి వచ్చాను.

ఆగస్టు 11

అమ్మ కెంపు విప్పాను. రేకు మాడిపోయినట్టుంది. రాయి కెంపే, ఆకురాయి పెట్టినా గీత పడలేదు. కానీ లేతది. ఎండిపోయిన దానిమ్మగింజ రంగు. కొత్త రేకు వెయ్యొచ్చు. నాన్న ఆ ఎరుపు ఏం కలిపి తెచ్చేవాడో నాకు చెప్పలేదు.

ఒకే పొట్లంలోవి అన్నాడు. అక్కాచెల్లెళ్ళు అన్నాడు. నవ్వుతూ అనేవాడు. ఇంక నేనెవర్ని తిట్టను? చిలకలపూడి వాళ్ళు పూత నగ అని చెప్పి అమ్ముతారు. చెప్పి.

ఆగస్టు 13

సుందరమ్మతో మాట్లాడాను. పులుసులో ఉప్పు తక్కువైందన్నాను.

ఆగస్టు 14, శుక్రవారం

పొద్దున్నే బండి ఆగింది. ప్లీడరు గారి తల్లి, ఒక్కర్తీ. కొంగుముడి విప్పి పతకం నా ముందు పెట్టింది. "విప్పు నాయనా. అమ్మవారికి నేను చెప్పుకుంటాను. యాభై ఏళ్ళు బర్మా కెంపనుకుని మెడలో వేసుకున్నాను. అదేదో చూసి పోతాను."

ఉలి చేతిలోకి తీసుకున్నాను. విప్పుతాను, విప్పుతాను అని వాళ్ళ అరుగు మీద పట్టుబట్టింది నేనే. "మొన పోయిందండీ, నూరాలి" అన్నాను. మొనకేం కాలేదు.

"అయితే నీ దగ్గరే ఉంచు. సాయంత్రం వస్తాను." లేచింది. గుమ్మం దగ్గర ఆగి — "నిన్ను నేనెప్పుడూ ఏమీ అనుకోలేదు."

ఆ మాట అనకుండా పోయినా బాగుండేది.

ఇప్పుడు మధ్యాహ్నం. పతకం ముందుంది, ఉలి ముందుంది. పెట్టెలోంచి నాన్న ఇచ్చిన రాయి తీశాను. ఎందుకు తీశానో నాకే తెలీదు. తామరలో కెంపు మీద ఊరికే ఆనించాను. అదే శనగగింజంత, అదే మామిడిపిందె వంపు. అంచుకి అంచు సరిపోయింది.

ఇది ఎవరి కోసం తెప్పించిన రాయో ఇప్పుడు తెలిసింది. విప్పి ఇది పెట్టేస్తే, సాయంత్రం ఆవిడకి ఎర్రటి కెంపు చూపించొచ్చు. నాన్న మాట నిలబడుతుంది, ఆవిడ సొత్తు ఆవిడకి చేరుతుంది. కాకపోతే నేను నిజంగానే రాయి మార్చినవాణ్ణవుతాను.

సుందరమ్మ అన్నానికి పిలుస్తోంది. ఇంకా ఉలి ముట్టుకోలేదు...