చెట్టులో దిగిన ఇనప కొంకి

నేవన్,
మే 11

కళాధర్,

చేతిలో టీ ఉంటే ముందు అది తాగి, తర్వాత చదువు. పొలమారితే ఆ పాపం కూడా నాకెందుకు?

నిన్న మన ఓక్ చెట్టును బోన్సాయ్ ప్రదర్శనలో పెట్టాను. తొమ్మిదేళ్ల కిందట డొంకదారి గట్టున మనం తవ్వినప్పుడు అది నడుమెత్తు మొద్దు. ఇప్పుడు మూరెడు ఎత్తులో, పళ్లెంలో, వందేళ్ల వృక్షంలా నిలబడి ఉంది. వేళ్లు కుదురుకునేదాకా మొదటి రెండేళ్లు దానిమీద కత్తెర పెట్టకూడదని లైబ్రరీ పుస్తకంలో చదివి, చేతులు కట్టుకు కూర్చున్నాను. "కొత్త పెళ్లికూతురి దగ్గర కూడా ఇంత ఓపిక పట్టలేదు మీరు," అనేది మా మంగాదేవి. సరే, అది వేరే కథ.

నోరా అనే పెద్దావిడ వచ్చి, చెట్టు మొదట్లోకి దిగిన ఇనప కొంకి మీద వేలు పెట్టింది. ముళ్లతీగ బిగించే కొంకి. అందంగా ఉందని నేను ఊడబెరకలేదు.

"ఇది మా ఆయన కొట్టిందే. ఈ చెట్టే మా పొలానికి సరిహద్దు. రాత్రికి రాత్రి మాయమైతే పక్క పొలం డెక్లాన్ పీకేశాడనుకున్నాడు. చిన్నప్పటి స్నేహితులు. మా ఆయన పోయేదాకా ఇద్దరూ మళ్లీ మాట్లాడుకోలేదు," అంది.

ఆరోజు నువ్వేమన్నావురా? "అడిగొచ్చాను గురూ, ముసలాయన గ్రాండ్ అన్నాడు, భేషుగ్గా తవ్వుకోమన్నాడు!" ఆ మాట నమ్మి పార పట్టాను. దొంగసొత్తుకు తొమ్మిదేళ్లు నీళ్లు పోయించావు నాచేత. హాలు నిండా జనం ముందు తలెత్తలేకపోయాను.

ఇక నీకేమీ కాని
బ్రహ్మాజీ


నేవన్,
మే 19

ఒరేయ్ కళాధర్,

నువ్వు జవాబివ్వలేదు. మంచిపని చేశావు, ఇస్తే ఇంకో నాలుగు తిట్టేవాణ్ని.

నిన్న చెట్టును సీటుబెల్టుతో కట్టి నోరా ఇంటికి బయల్దేరాను. కారు ఆపింది చెట్టు తవ్విన రోజు మనం ఆపిన మలుపులోనే. వెనక అద్దంలో నోరా వాళ్ల గేటు కనబడింది. ఆరోజూ కనబడిందిరా. నువ్వు గేటు దాకా వెళ్లావు, కుక్క మొరిగింది, తలుపు తట్టకుండానే తిరిగొచ్చావు. అంతా అద్దంలో చూశాను. నువ్వు "గ్రాండ్" అనగానే, ఒక్క ప్రశ్న కూడా వేయకుండా డిక్కీ తెరిచాను. నాకు చెట్టు కావాలి. అబద్ధం నీ నోట వస్తే నా చేతులు శుభ్రంగా ఉంటాయనుకున్నాను. మొన్నటి తిట్లలో సగం వెనక్కి తీసుకుంటున్నాను. మిగతా సగం నీ దగ్గరే ఉంచుకో.

నోరాకు ఇదంతా చెప్పాను. ఆవిడ చెట్టును ముట్టుకోలేదు. "నాకు చెప్పి ఏం లాభం? డెక్లాన్ ఇంకా బతికే ఉన్నాడు. వెళ్లి ఆయనకు చెప్పండి," అని దారి చూపించింది.

చెట్టు చంకనెత్తుకుని ఆయన గేటు దాకా వెళ్లాను. కుక్క మొరిగింది. తిరిగొచ్చేశాను.

ఆదివారం పొద్దున్నే మీ ఊరు కార్లో నుంచి బయల్దేరి రా. చెట్టు నేను పట్టుకుంటాను. తలుపు నువ్వు తట్టు.

నీ
బ్రహ్మాజీ