ఎడమ స్పీకర్‌లో ఈల

ఫిబ్రవరి 4

కొత్త ఆంప్లిఫయర్ వచ్చింది. ట్యూబుల రకం. ముందు గదిలో బల్లంతా అదే ఆక్రమించింది. మా ఆయన పత్రికకు ఆడియో సామాన్ల మీద రివ్యూలు రాస్తారు. అందుకని ఇలాంటివి మా ఇంటికి చుట్టాల్లా వస్తుంటాయి, కొన్నాళ్ళుండి పోతుంటాయి. దీన్ని మోసుకురావడానికి మాత్రం ఇద్దరు పట్టారు. పైన గాజు ట్యూబులు వరుసగా నిలబడి ఉన్నాయి. స్విచ్చి వేస్తే నిప్పు కణికల్లా మెల్లగా ఎర్రబడతాయి. వాటి వెనక నల్లటి ఇనుప పెట్టెలు. ట్రాన్స్‌ఫార్మర్లట.

చేసినాయనే స్వయంగా తెచ్చాడు. నాకంటే బాగా చిన్నవాడు. గట్టి గొంతు. ఇంటి వెనక షెడ్డులో చేత్తో చేస్తాడట. అమ్మకానికి పెట్టబోయే మొదటి మోడల్ ఇదేనట. సార్ బాగుందని రాస్తే ఆర్డర్లు, బాగా లేదని రాస్తే షెడ్డుకు తాళం, మళ్ళీ ఫ్యాన్ల రిపేరు అని నవ్వుతూనే చెప్పాడు. మనసులో అతనికి బల్బులాయన అని పేరు పెట్టుకున్నాను.

పోతూ పోతూ నాకు అప్పగింతలు పెట్టాడు. అక్కయ్యగారూ, మా పిల్లని మీ చేతుల్లో పెడుతున్నా, పాడుతున్నప్పుడు మాత్రం స్పీకర్ వైర్లు ఊడదీయకండి, దీనికి బరువు మోయడం అలవాటు, మొయ్యడానికేమీ లేకపోతే తనని తానే కాల్చుకుంటుంది అన్నాడు. అయితే నిజంగా ఆడపిల్లే అన్నాను. అతను పగలబడి నవ్వాడు. మా ఆయన నవ్వలేదు.

తర్వాత మా ఆయన చేతిలో చిన్న అట్టపెట్టె ఒకటి పెట్టాడు. ఆయన దాన్ని నాకు చూపించకుండానే బీరువాలో పెట్టేశారు.

ఫిబ్రవరి 6, సాయంత్రం

నేను స్కూలు చదువుతోనే ఆగిపోయాను. డెసిబెల్ అంటే ఏమిటో ఇన్నేళ్ళుగా వింటున్నా నాకు అర్థం కాలేదు. కానీ కుక్కరు కూత పెట్టే ముందు సన్నగా సాగే చప్పుడు తెలుసు. ఎడమ స్పీకర్లోంచి అచ్చం అలాంటిదే వస్తోంది. పాట నడుస్తుంటే తెలియదు. ఆగితే తెలుస్తుంది.

ఎడమవైపు ఏదో ఈల వేస్తోందండీ అన్నాను. కళ్ళు మూసుకునే ఊఁ అన్నారు. విన్నాననా, ఊరుకోమనా?

ఫిబ్రవరి 9

బల్ల తుడుస్తుంటే ఆయన రాసుకున్న డ్రాఫ్ట్ కనపడింది. కావాలని చదవలేదు. కళ్ళు పడ్డాయి. పడ్డాక తిప్పుకోలేదు, అదీ నిజమే.

పాటకూ పాటకూ మధ్య మచ్చలేని నిశ్శబ్దం అని రాశారు.

నిశ్శబ్దమా? నేను వంటింట్లో ఉన్నా వినపడుతోంది ఆ ఈల. ఈయన ఇన్నేళ్ళలో ఎవరినీ వదిలిపెట్టలేదు. పెద్ద పెద్ద కంపెనీల సామాను పట్టుకుని ఇది ఆంప్లిఫయర్ కాదు, ఇస్త్రీపెట్టె అని రాసిన మనిషి. ఉద్యోగం మానేశాక ఆయనకు మిగిలిన మర్యాద అదొక్కటే. అలాంటి మనిషికి ఇప్పుడు ఉన్న చప్పుడు లేదని రాయవలసిన అవసరం ఏమొచ్చింది?

బీరువాలో ఆ అట్టపెట్టె.

దేవుడా, ఇలాంటి ఆలోచన నాకు రానివ్వకు.

ఫిబ్రవరి 10

ఆ పెట్టెలో ఏముందండీ అని అడిగాను. పేపరు పేజీ తిప్పారు.

ఫిబ్రవరి 12

చెల్లెలు ఫోన్ చేసింది. దానికి సగం చెప్పాను. మిగతా సగం అదే కల్పించుకుంది. మొగుడు ఉన్నట్టుండి నెమ్మదస్తుడైపోయాడంటే రెండే కారణాలే అక్కా, తప్పైనా చేసి ఉండాలి, చెయ్యబోతూనైనా ఉండాలి అంది. నీకెలా తెలుసే అన్నాను. మా ఆయన్ని చూసి అంది. మరి మీ ఆయన ఏ తప్పు చేశాడు అంటే, అదే తేలడం లేదు, వెతుకుతున్నా అంది.

నవ్వాను గానీ నవ్వుతో పోలేదు. అవును, నెమ్మదస్తుడే అయ్యారు. ఇదివరకు అడుగడుగునా వాదన పెట్టుకునే మనిషి ఇప్పుడు ఏమన్నా ఊఁ అంటున్నారు. ఫోన్ మోగితే, ఎత్తి నాకిచ్చేస్తున్నారు. ఇవాళ బల్బులాయన చేస్తే కూడా అంతే. పిల్ల ఎలా ఉందండీ, అత్తారింట్లో అల్లరేమీ చెయ్యడం లేదు కదా అని అడిగాడు. ఎడమవైపు ఈల సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన లేదని రాస్తుంటే నేను ఉందని ఎలా చెప్పను? బాగానే ఉంది నాయనా అన్నాను. అదీ అబద్ధమే. ఈ ఆంప్లిఫయర్ ఇంటిల్లిపాదికీ అబద్ధాలు నేర్పుతోంది.

ఫిబ్రవరి 13, ఉదయం

ఆయన కూరగాయలకు వెళ్ళినప్పుడు పెట్టె తెరిచాను.

దూదిలో చుట్టిన స్పేర్ ట్యూబులు. అంతే. మూతకు లోపల వైపు కూడా చూశాను. అడుగున దూది ఎత్తి కూడా చూశాను. సిగ్గు లేకుండా.

వెంటనే వెళ్ళి దేవుడి ముందు కూర్చున్నాను. క్షమించమని అడిగాను. అడుగుతూనే ఉన్నాను, మనసు మాత్రం పక్కకు పోయి నిలబడి, లంచం కాకపోతే మరి ఎందుకలా రాసినట్టు అని అడుగుతోంది. అనుమానానికి ఒక తలుపు మూస్తే కిటికీలోంచి వస్తుంది.

ఫిబ్రవరి 15

ఇవాళ పోల్చి వినే పని మొదలుపెట్టారు. ఇది మా ఇంట్లో పాత పద్ధతే. గది మధ్యలో దుప్పటి తెరలా కడతాం. తెర వెనక కొత్త ఆంప్లిఫయరూ, ట్యూబులు లేని మా పాతదీ పక్కపక్కన. ఒకే సీడీ ప్లేయర్ నుంచి రెండింటికీ పాట వెళుతుంది. స్పీకర్ వైర్లు ఒకటే జత. వాటిని ఒకసారి దీనికీ, ఒకసారి దానికీ నేను తగిలిస్తాను, ఆయన తెర ఇవతల కూర్చుని ఏది మోగుతోందో చెప్పాలి. ప్రతిసారీ వాల్యూం సున్నాకు తెచ్చి, స్విచ్చి ఆర్పి, అప్పుడే వైర్లు తియ్యాలి. కళ్ళు మూసుకుని కూడా చెయ్యగలను.

అన్నీ సరిగ్గా చెప్పారు. ఒక్కటి కూడా తప్పలేదు.

నాకు సంతోషం కలగాలి. కలగలేదు. తెర సందులోంచి చూశాను. జవాబు చెప్పే ముందు ఆయన స్పీకర్ల వైపు చూడడం లేదు. పక్కనున్న గాజు అలమారు వైపు చూస్తున్నారు. ట్యూబులు వెలిగితే ఆ గాజులో ఎర్రటి నీడ పడుతోంది. పాతది మోగితే పడదు.

పరీక్షలో కాపీ కొట్టే పిల్లాడిలా మా ఆయన.

సాయంత్రం డ్రాఫ్ట్ మళ్ళీ చూశాను. ఈసారి కళ్ళు పడలేదు, నేనే వెళ్ళి చూశాను. గొంతు గంజి పెట్టిన బట్టలా నిటారుగా నిలబడింది అని ఉంది. ఆ మాట నాది. నిన్న ఎలా ఉందోయ్ అని ఆయన అడిగితే నేనన్నది.

ఫిబ్రవరి 16

రేపు ఒక పని చేస్తాను. మోసమే. కానీ ఇలా అనుమానిస్తూ బతకడం కన్నా ఒకసారి మోసం చేసి తెలుసుకోవడమే తక్కువ పాపమేమో. దేవుడు నాతో ఏకీభవించినట్టు అనిపించలేదు.

ఫిబ్రవరి 17, మధ్యాహ్నం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

మొదట ట్యూబులది పెట్టాను. గాజులోకి చూశారు, సరిగ్గా చెప్పారు. సీడీ ఆపాను. వైర్లు తీసి పాతదానికి తగిలించాను. ట్యూబులది మాత్రం ఆర్పలేదు. ఆర్పితే గాజులో వెలుగు పోతుంది. వాల్యూం కూడా తగ్గించలేదు. దాన్ని తిప్పితే టిక్కుమంటుంది, దాన్నిబట్టి పోల్చేస్తారని. పాట ఆగే ఉంది కదా, ఇప్పుడు వైర్లు తీస్తే ఏమవుతుంది అనుకున్నాను. మళ్ళీ సీడీ పెట్టగానే పాట రెండింటిలోకీ పోతుందనీ, ఆ పిల్ల ఏ బరువూ లేకుండా పాడడం మొదలుపెడుతుందనీ నా బుర్రకు తట్టలేదు.

పాట పెట్టాను. మోగుతున్నది మా పాతదే. ఆయన గాజులోకి చూసి, తృప్తిగా కళ్ళు మూసుకుని, ఇదీ ట్యూబంటే, గొంతు ఎంత ముందుకొచ్చిందో విను, ఆ పాతది దీని కాలిగోటికి చాలదు అన్నారు.

అప్పుడే ఇనుప పెట్టెలోంచి చిటచిటమని మొదలైంది. పచ్చికట్టె కాలుతున్నట్టు. నాకు స్పష్టంగా వినపడుతోంది. ఆయన కళ్ళు మూసుకుని చెబుతూనే ఉన్నారు. నేను స్విచ్చి కోసం తడుముకునేలోపు ఫట్‌మని ఆరిపోయింది. సన్నని పొగ. ఆయన కళ్ళు తెరిచింది వాసనకి.

పరుగెత్తుకొచ్చారు. నేను తెర దుప్పటి లాగి పొగ విసురుతూ వెనక వైపుకు అడ్డంగా నిలబడ్డాను. వైర్లు దేనికి ఉన్నాయో ఆయన చూడలేదు. నేను చూడనివ్వలేదు.

ఫిబ్రవరి 17, సాయంత్రం

గోడలకు చెవులుంటాయంటారు. మా ఇంట్లో ఇక వాటికే ఉన్నాయి.

ఫిబ్రవరి 18

ఆయన రాస్తున్నారు. పరీక్ష మధ్యలో దానంతటదే కాలిపోయిందని. ఇంట్లో పెట్టుకోదగ్గ వస్తువు కాదని. న్యాయంగా రాస్తున్నానని ఆయన నమ్మకం. ఆయనకు తెలిసినంతలో న్యాయమే.

నిజం చెబితే బల్బులాయన షెడ్డు నిలబడుతుంది. కానీ వైర్లు నేనే తీశానంటే, ఎందుకు తీశావంటారు. ఎందుకో చెబితే ఆయనకు ఇక ఏం మిగులుతుంది? ఆయన ఇంత కష్టపడి దాచుకున్నది నేను తాళం పగలగొట్టి చూశాను. దొంగిలించిన దానితో దానం చెయ్యమంటున్నాడు దేవుడు.

పొద్దున రెండుసార్లు దగ్గరికి వెళ్ళాను. నా గొంతు ఎప్పుడూ చిన్నదే. రెండుసార్లూ ఆయనకు వినపడలేదు. రెండుసార్లూ ఊపిరి పీల్చుకుని వెనక్కి వచ్చాను.

ఫిబ్రవరి 20

బల్బులాయన వచ్చాడు. ఇవాళ జోకులు లేవు. కింద పలక విప్పాడు, ఇనుప పెట్టె కప్పు తీశాడు, టార్చి వేసి చూశాడు. రాగి తీగ చుట్టల మధ్య నల్లటి మచ్చ. చాలాసేపు దాని వైపే చూశాడు. తర్వాత, సార్, స్పీకర్ లేకుండా పాడింది ఇది, వైర్లెవరైనా తీశారా అని అడిగాడు. ఆ గొంతు ఎవరికైనా వినపడుతుంది.

మా ఆయనకు కోపం వచ్చింది. మా ఇంట్లో అలాంటి పొరపాటు జరగదు అన్నారు. ఇన్నేళ్ళుగా ఎన్ని సామాన్లు వచ్చాయో తెలుసా, ఒక్కదానికి గీత పడలేదు, ఆవిడ చెయ్యి అలాంటిది, నన్ను అను, పడతాను, ఆవిడని అనకు అన్నారు.

ఆయన నన్ను అంతగా మెచ్చుకోవడం ఎప్పుడూ వినలేదు. వినవలసిన రోజు ఇదా?

నేనే తీశాను అన్నాను.

బల్బులాయన తలెత్తాడు. మా ఆయన నా పెదాల వైపు చూసి, ఏమంటోంది అని అతన్ని అడిగారు.

బల్బులాయన నన్ను చూశాడు, ఆయన్ని చూశాడు, మళ్ళీ నన్ను చూశాడు. తెలివైనవాడు. అతనికి అర్థమవడం నాకు కనపడింది. టార్చి ఆర్పేసి, ఏం లేద్సార్, టీ తాగుతారా అని అడుగుతున్నారు అన్నాడు. తర్వాత, నా తీగ చుట్టుడులోనే ఏదో లోపం ఉండొచ్చులెండి, మీకు తోచింది రాసుకోండి అన్నాడు.

ఫ్యాన్ల రిపేరుకు సిద్ధపడిపోయాడు, నిలబడ్డచోటే. మా కోసం.

అప్పుడు అరిచాను. పెళ్ళయ్యాక గొంతెత్తడం అదే మొదలు. మీకు వినపడుతోందో లేదో చూద్దామని వైర్లు నేనే తీశానండీ, అతని తప్పేమీ లేదు అని. పక్క ఫ్లాటు తలుపు తెరుచుకున్న చప్పుడైంది. కొసరు మిగల్చకూడదని, ఎడమ స్పీకర్‌లో మొదటిరోజు నుంచీ ఈల వస్తోంది, అది కూడా మీకు వినపడలేదు అని కూడా అరిచేశాను.

బల్బులాయనే, ఈల ఉందాండీ, అయితే అటువైపు చిన్న ట్యూబు మార్చాలి అన్నాడు, నేలకేసి చూస్తూ. ఆంప్లిఫయర్ ఎత్తుకుని వెళ్ళాడు. ఈసారి ఒక్కడే మోశాడు.

ఫిబ్రవరి 21

ఆయన నిన్నటినుంచి మాట్లాడలేదు. నేను పిలిచాను, ఆయనకు వినపడలేదేమో, వినపడినా పలకలేదేమో. ఇక నుంచి ఏదీ తేల్చుకోలేను.

సాయంత్రం వచ్చి ఎదురుగా కూర్చున్నారు. అయితే ఆ రోజు నేను ట్యూబని చెప్పింది పాతదా అని అడిగారు. తల ఊపాను. అదొక్కటే అడిగారు.

ఫిబ్రవరి 22, ఉదయం

రాసింది చించేశారు. ఎడిటర్‌కు ఫోన్ కలిపి నాకిచ్చారు. ఏం చెప్పమంటారు అని సైగ చేశాను. జరిగిందే చెప్పు అన్నారు. చెప్పాను, ఆయనకు వినపడేంత గట్టిగా. మా పొరపాటు వల్ల కాలిపోయిందనీ, చేసినవాడి లోపం కాదనీ, బాగుచేసి తెచ్చాక మళ్ళీ మొదటినుంచి వింటామనీ. సార్ మాట్లాడరేంటమ్మా అన్నాడు ఎడిటర్. ఆయన వైపు చూశాను. కిటికీలోంచి బయటకు చూస్తూ తల ఊపారు. ఆయనకు సరిగ్గా వినపడదండీ అన్నాను.

అవతల చాలాసేపు ఏమీ వినపడలేదు. నా చెవి కూడా పోయిందేమోనని భయపడ్డాను.

మార్చి 19

ఆంప్లిఫయర్ తిరిగొచ్చింది. వినడం నా వంతు, రాయడం ఆయన వంతు. బాగుందన్నాను. నిజంగానే బాగుంది.

ఆయన కలం పట్టుకుని నా మొహంలోకి చూశారు. ఆ చూపు నాకు తెలుసు. పోయిన నెల నేను ఆయన్ని చూసిన అనుమానపు చూపే. మళ్ళీ చెప్పాను, గట్టిగా. రాయలేదు. కలం కింద పెట్టి, లేచి వెళ్ళి స్పీకర్ మీద అరచెయ్యి ఆనించి, పాట అయిపోయేదాకా అలాగే నిలబడ్డారు.