నీడలో కాసేపు

మహేశ్వరి టీచరమ్మకు,

మా దీవెనకు జ్వరమని ఈరోజు కూడా అంగన్‌వాడీ వాకిట్లోనుంచే పంపించేసినారు. అది జ్వరం కాదమ్మా. గుట్ట అవతల నుంచి ఎండలో నడిచొస్తుంది కదా, నుదురు కాలుతుంది. మీ రూలు మార్చమని అడగడం లేదు. కాసేపు నీడలో కూర్చోబెట్టి, తర్వాత ఆ జ్వరం చూసే మిషన్ నుదుటికి పెట్టండి. అప్పుడూ ఎక్కువ చూపిస్తే నేనే వెనక్కి తీసుకుపోతాను.

పోయినేడు దాని నాయన కరోనాతో పోయినాడని మీకు భయం. ఊరికీ అంతే. పిల్లను ఎవరూ చూసుకోరు. నేను కూలికి పోతే నాతోపాటు వేరుశనగ చేలో ఎండలోనే ఉంటోంది.

సాయంత్రం ఇంటికి రాగానే అది ముందు గడపెక్కి, మీలాగే చెయ్యి అడ్డంపెట్టి నన్ను ఆపుతుంది. నా నుదురు తాకి చూసి, "జొరం ల్యాదు, లోపలికి రామ్మా" అంటుంది.

ఆయన పోయినాక నన్ను లోపలికి రమ్మన్నది అదొక్కటే.

దీవెన వాళ్లమ్మ