గంజి పెట్టిన కాయిల్

తిరువళ్లూరు

ప్రియమైన బావకు,

ఫోన్లో అయితే నీకు కోపం ముందొస్తుంది, మాట తర్వాతొస్తుంది. అందుకే ఉత్తరం. ఆయుధ పూజకు మా కాయిల్ కంపెనీలో ఒక్కో లైనూ ఒక వింత చేసి చూపించాలి. మా లైన్ లీడర్ కార్తికేయన్ అన్న నాకొకటి నేర్పించాడు. ప్లాస్టిక్ పైపు మీద వెంట్రుకంత రాగి తీగ నాలుగు వందల చుట్లు, అడుగున లావు తీగ మూడు చుట్లు, ఒక ట్రాన్సిస్టర్, చిన్న బ్యాటరీ. ట్యూబ్‌లైట్ దగ్గరికి తెస్తే చాలు, ఏమీ తగిలించకుండానే వెలుగుతుంది! అడుగు తీగ కొసలు రెండూ తారుమారైతే మాత్రం ఉలకదు, పలకదు. మొదటిరోజు నేనలాగే పెట్టి గంటసేపు తంటాలు పడ్డాను. ఒక్క చుట్టు కూడా జారనివ్వకుండా చుట్టే ఆయన చేయి ఎంత నెమ్మదో బావా!

నీ కోకిల

తిరుత్తణి

ప్రియమైన కోకిలకు,

అన్న అని రాసినంత మాత్రాన నాకు నిద్ర పడుతుందా? దాచడమెందుకు, కుళ్లుగా ఉంది. ఏడేళ్ల వయసు నుంచి మగ్గానికి నూలు కండెలు చుట్టిన చేయి నాది. నీ పెళ్లిచీర నేసింది కూడా ఇదే. ఏనాడైనా దీన్ని నెమ్మది అన్నావా?

నువ్వు రాసిన కొలతలతో నేనూ రాట్నం మీద ఒకటి చుట్టాను. పక్కింటి కన్నియమ్మక్క చూసి, "ఏమిరా దేవేంద్రా, రాగి తీగతో యాడైనా చీర నేస్తారా?" అని నవ్వింది. చుట్లు జారకుండా, మగ్గం మీది పడుగు నూలుకు పెట్టినట్టే పలచగా గంజి పెట్టి ఆరబెట్టాను. అటు వస్తున్న మన వీధి గుణ చేత పంపుతున్నాను. అడుగు తీగ నువ్వు చుట్టుకో. అతనిదాని పక్కనే పెట్టి నలుగురిలో వెలిగించు. పూజ ముందురోజు వచ్చి చూస్తాను.

నీ మీద కోపంతో, నీ బావ

తిరుత్తణి

కోకిలా,

ప్రియమైన అని రాయడానికి ముఖం చెల్లడం లేదు. నిన్న నువ్వు టీ తేవడానికి వెళ్లినప్పుడు మీ కంపెనీ బల్ల మీద రెండు కాయిళ్లున్నాయి. ఒకటి మసగ్గా, పైనంతా టేపుతో ఉంది. గంజి మసక కదా, అది నాదే అనుకున్నాను. రెండోది అద్దంలా మెరుస్తోంది. దాని చుట్లు వేలితో తడిమి చూశాను. ఎక్కడా సందు లేదు. ఇంత పనితనం ఉన్నవాడి పక్కనా నా పెళ్లాం రోజంతా కూర్చునేది అనిపించింది. దాని అడుగు తీగ కొసలు రెండూ మార్చి పెట్టేశాను.

తిరుగు రైలు అరక్కోణం దాటకముందే సిగ్గేసింది. అయినా ఫోన్ చేసి చెప్పే ధైర్యం చాలలేదు. ఇది నీకు అందేసరికి పూజ అయిపోయి ఉంటుంది. ఆయన పరువు తీసింది నేనే.

దేవేంద్రన్

తిరువళ్లూరు

నా పిచ్చి బావకు,

నీ కాయిల్ ఇక్కడికొచ్చిన రోజు వెలగలేదు. గంజి తేమ పట్టింది. చెబితే నొచ్చుకుంటావని తడిగుడ్డతో తుడిచి, ఎండబెట్టి, వార్నిష్ పూశాను. ఆ మెరిసేది నీదే. నీ చుట్ల పక్కన తనవి చూపించడానికి సిగ్గేసి, కార్తికేయన్ అన్న తనదానికి టేపు చుట్టుకున్నాడు.

పూజలో ఆయనది వెంటనే వెలిగింది. నీది వెలగలేదు. అందరూ నవ్వుతుంటే నాకు ఏడుపొచ్చింది. ఆయనే వంగి చూసి, "ఏమీ లేదమ్మా, కొసలు మారినాయి, అంతే" అని సరిచేశాడు. అప్పుడు వెలిగింది చూడు, ఆయనదానికంటే రెండు జానలు ఎక్కువ దూరం నుంచి! "ఎవురు చుట్టినారు?" అని మేనేజర్ అడిగితే, "మా ఇంటాయన" అన్నాను. ఆ మాట నలుగురిలో అనాలనే, మెరిసేది నీదని నువ్వొచ్చిన రోజు కూడా చెప్పకుండా దాచాను.

ఎవరి చేయో చూసి కుళ్లుకున్నాననుకున్నావు. అది నీ చేయే బావా. నెమ్మది అని నేనెప్పుడూ అనలేదు, నిజమే. తప్పు నాదే. ఇప్పుడంటున్నాను.

రాట్నం మీద చుట్టడం నేర్చుకోవాలని కార్తికేయన్ అన్న ఆదివారం నాతోపాటు తిరుత్తణి వస్తున్నాడు. కొసలు ఎవరు మార్చారో నేను చెప్పలేదు. కాఫీ ఇచ్చి, నువ్వే చెప్పు.

నీ కోకిల