తెల్లకారు వెనక ట్యాంకర్

ఏప్రిల్ 30, 2012. సోమవారం.

పొద్దున నీళ్ల ట్యాంకర్ మీదికెక్కాను. మూత తీసి దండెం కర్ర ముంచి చూశాను. మూరెడు తక్కువ.

నెల రోజులుగా అనుమానమే. ముప్పై ఆరుమంది ఆడపిల్లలున్న హాస్టల్ నాది. ఒక ట్యాంకర్ రెండు రోజులు రావాలి. రెండో రోజు మధ్యాహ్నానికే సంపులో బకెట్ అడుక్కి తగులుతోంది. వంట చేసే కమలవ్వ మీద, పిల్లల మీద ఊరికే కేకలేశాను. తప్పు ట్యాంకర్‌లో ఉంది.

క్రాంతికుమార్‌ని పిలిపించాను. అశోక్ నగర్, చిక్కడపల్లిలో తిరిగే ట్రాక్టర్ ట్యాంకర్లన్నీ అతనివే, కాకపోతే అతని మాట వినేవే. వీధిలో అందరి ముందూ కర్ర చూపించాను. తడి ఎక్కడిదాకా ఉందో వేలు పెట్టి మరీ చూపించాను. అతని డ్రైవర్లే నవ్వారు. మొహం మాడిపోయింది. ఇరవై ఏండ్ల సంది నీళ్లు పోస్తున్న మేడం, ఒక్కలు కర్ర పెట్టి చూడలే, గంత నమ్మకం లేకుంటే వేరేటోళ్లను చూస్కోండ్రి అన్నాడు.

చూసుకుంటానన్నాను.

నలభై నాలుగేళ్లొచ్చాయి. నోరు మాత్రం అదుపులోకి రాలేదు. రాకపోతే పోనీ.

మే 2. బుధవారం.

ట్యాంకర్ రాలేదు. ఏడుగురికి ఫోన్ చేశాను. ఏడుగురిదీ ఒకటే పాట. మీ గల్లీకి రాలేం అక్కా, క్రాంతన్న వద్దన్నడు. ఒకడైతే నా గొంతు వినగానే రాంగ్ నంబర్ అన్నాడు. మొన్నటిదాకా రోజూ మాట్లాడిన మనిషి.

బోరు మార్చిలోనే ఎండింది. కుళాయి రోజు విడిచి రోజు, అరగంట. అందులో సగం గాలి.

పిల్లలు రాసే గ్రూప్ వన్ ప్రిలిమ్స్ పరీక్ష ఈ నెల 27న. సాయంత్రం మూడో అంతస్తు మంజుల వచ్చి, ఇంటికి పోవాల్నా మేడం అని అడిగింది. వాళ్లది సిరిసిల్ల దగ్గర ఊరు. వెళితే ఏమవుతుందన్నాను. పోతే మల్ల రానియ్యరు, ఇంట్ల బీడీలు చుట్టెటోళ్లు తక్కువున్నరు అంది. ఏడవలేదు. పుస్తకంలో చదువుతున్న పేజీ దగ్గర వేలు పెట్టుకుని నిలబడింది. కింద అంతస్తులో ఇద్దరు ఆల్రెడీ బ్యాగులు సర్దుకున్నారట.

ఈ ముప్పై ఆరుగురిలో ఒక్కరు కూడా పరీక్ష రాయకుండా ఊరెళ్లడానికి వీల్లేదు. రాసి పెట్టుకుంటున్నాను.

మే 3. గురువారం. మధ్యాహ్నం 3.

మేముండేదీ హాస్టల్ బిల్డింగ్‌లోనే. కింద పార్కింగ్‌లో కూర్చుని కారు వంక చూశాను. చాలాసేపు చూశాను.

మా ఆయన రెండేళ్ల కిందట కొన్న తెల్ల ఎస్‌యూవీ. ఫారిన్ బండి. మూడు లీటర్ల డీజిల్ ఇంజిన్, లోపల తోలు సీట్లు, సీట్ల మీద ఇంకా తీయని ప్లాస్టిక్. పైన గుడ్డ కవరు. ఆ కవరుకి దుమ్ము పడకుండా పాత దుప్పటి. అందులో కూర్చుని పల్లీలు తినకూడదు. తల ఆనించి పడుకోకూడదు, నూనె అంటుతుంది. పెళ్లిళ్లకీ, ఆయన ప్లాట్లు చూపించే వెంచర్లకీ తప్ప బయటికి తియ్యరు. నేను నాలుగుసార్లు నడిపాను. నాలుగుసార్లూ పక్కన కూర్చుని లేని బ్రేకు తొక్కుతూనే ఉన్నారు.

మంజులని పిలిచి ఆ బండి పుస్తకం చేతిలో పెట్టాను. నాలుగు వందల పేజీల ఇంగ్లిషు. గంటలో వచ్చి చెప్పింది. మేడం, ఇది మూడున్నర టన్నులు గుంజుతది. ట్రైలర్‌కి సొంత బ్రేకులుంటేనే. లేకుంటే ముప్పావు టన్నే.

ఆ పుస్తకం పెట్టిన కవర్‌లోనే ఆర్సీ కూడా ఉంది. ఓనర్ పేరు చదివాను. ఆడిటర్ చెప్పాడని ఆయన నా పేరు మీద కొన్నారు. ఆయన మర్చిపోయారు. నేనూ మర్చిపోయాను.

ఇప్పుడు గుర్తొచ్చింది.

మే 5. శనివారం.

కాచిగూడ వెళ్లాను, దాసయ్య దగ్గరికి. మా హాస్టల్ కిటికీల గ్రిల్స్ అన్నీ ఆయన చేసినవే. స్టేషన్ వెనక పాత ఇల్లు, పెరట్లో వెల్డింగ్ షెడ్డు, షెడ్డు పక్కన బావి. ఎండాకాలంలో కూడా మోటరు గంటసేపు ఆడే బావి. ఎవరో రైతు రిపేరుకిచ్చి మళ్లీ రాని ట్రాక్టర్ ట్యాంకర్ ఒకటి గోడ వారగా పడి ఉంది. రెండు చక్రాలు, రెండున్నర వేల లీటర్లు. నిండితే మొత్తం మూడు టన్నుల పైచిలుకు. తాగడానికి క్యాన్లు తెప్పిస్తున్నాం కాబట్టి మాకు కావలసింది స్నానాలకీ బట్టలకీ నీళ్లే.

దాసయ్య కారు కింద దూరి పావుగంట బయటికి రాలేదు. వచ్చి, చేతులు తుడుచుకుంటూ, ఇది కారు కాదమ్మా, దున్నపోతు, కోటు తొడిగిన్రు గంతే అన్నాడు. హుక్కు బంపర్‌కి కాదు, ఛాసిస్‌కి బిగియ్యాలె. ట్యాంకర్‌కి పాత జీపు బ్రేకు డ్రమ్ములేస్త. మీరు బ్రేకు కొట్టంగనే అది ముందుకు తోస్తది, గప్పుడు నడుమనున్న కడ్డీ ఎనకకు జరిగి దాని బ్రేకు అదే పట్టుకుంటది. మూడు రోజులు టైమియ్యండి.

నీళ్లకేం తీసుకుంటావన్నాను. బావికి నేనేమన్న కరెంటు బిల్లు తప్ప కడుతున్ననా అని నవ్వాడు. మా చిన్నది గూడ గా పరీక్షే రాస్తున్నది అన్నాడు.

మే 8. మంగళవారం.

ఆయన హుక్కు చూశారు.

గొడవ హాల్లో మొదలై వంటింట్లోకొచ్చి మళ్లీ హాల్లోకెళ్లింది. కమలవ్వ మధ్యలో రెండుసార్లు కూర దించింది. అది నీళ్లబండి కాదు, మన స్టేటస్ అన్నారు ఆయన. అయితే ఆ స్టేటస్‌తో పిల్లలకి స్నానాలు చేయించండి అన్నాను. నలుగురిలో తలెలా ఎత్తుకోవాలన్నారు. ముందు ఆ తలకి పోసుకోవడానికి నీళ్లుండాలన్నాను. క్రాంతికుమార్‌కి ఒక్క సారీ చెబితే పోయేదానికి ఇంత రాద్ధాంతం ఎందుకన్నారు.

అదొక్కటే నాకు కాలింది. తక్కువ పోసినవాడికి నేను సారీ చెప్పాలా?

ఆర్సీ తెచ్చి టేబుల్ మీద పెట్టాను. పేరు చూశారు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు. ఇరవై రెండేళ్ల కాపురంలో ఫణికిరణ్ గారు నా పేరు ఇంత శ్రద్ధగా చదవడం ఇదే మొదటిసారి. నాకు సంతోషం వేసింది. దాచుకోను.

మే 9.

రాజీ. బండి తీసుకెళ్లొచ్చు, కానీ ట్యాంకర్ సగమే నింపాలి. బండి నడుం విరుగుతుందని బతిమాలారు. పోనీ పాపం అని ఒప్పుకున్నాను.

మే 10. గురువారం. రాత్రి 9.

జరిగింది రాయబుద్ధి కావడం లేదు. అయినా రాస్తాను.

దాసయ్య ఎక్కడో గేటు బిగించడానికెళ్లాడు. మా ఆయనే బావి దగ్గర నిలబడి సగం కాగానే మోటరు కట్టేశారు. కాచిగూడ నుంచి నారాయణగూడ దాకా పెళ్లి ఊరేగింపులా వచ్చాను. వైఎంసీఏ సిగ్నల్ ఎర్రబడింది. బ్రేకు తొక్కాను. కారు ఆగింది.

నీళ్లు ఆగలేదు.

ట్యాంకర్‌లో సగం ఖాళీ కదా, ఆ నీళ్లన్నీ ఒక్కసారిగా ముందుకొచ్చి గోడకి కొట్టాయి. ఆగిన కారు మళ్లీ జరిగింది. ఆగాను. వెనక్కెళ్లి మళ్లీ వచ్చి కొట్టాయి. ఎదురుగా ఆటో. ఆటోలో ఒక తల్లి, ఒళ్లో పిల్ల. బంపర్ వెళ్లి ఆటో వెనక ఆనింది. గట్టిగా కాదు. కానీ ఆ పిల్ల తిరిగి నా వైపు చూసింది.

ఎవరికీ ఏమీ కాలేదు. ఆటోవాడు దిగి, ఏందమ్మా, గింత పెద్ద బండికి బ్రేకుల్లేవా అన్నాడు. దణ్ణం పెట్టాను. పక్క సీట్లోంచి మా ఆయన దిగి ముందు బంపర్ మీద పడిన గీత చూసుకున్నారు. తర్వాత ఆ పిల్లని చూశారు. ఆ వరస నేను మర్చిపోను.

సాయంత్రం దాసయ్య విని తల పట్టుకున్నాడు. సగం ఎవరు నింపమన్నరమ్మా, సగముంటే నీళ్లు ఉరుకుతయ్. నిండుగ ఉంటే ఎటు కదుల్తయ్? బండి మీద జాలి పడి మనుషుల మీదికి తోలిన్రు.

నిజమే. బండి మీద జాలి, మొగుడి మీద జాలి. ఇంక లేదు. అంచు దాకా నింపుతాను, లేదా మానేస్తాను.

మే 11. శుక్రవారం.

అంచు దాకా నింపాను. మూత బిగిస్తుంటే చేతి మీద పొర్లింది.

లో గేరు. ఇరవై దాటలేదు. వైఎంసీఏ సిగ్నల్ దగ్గర ముందే వేగం తగ్గించి, మెల్లిగా బ్రేకు మీద కాలు పెట్టాను. వెనక కడ్డీ కిర్రుమంది. ట్యాంకర్ బ్రేకు పట్టింది. రెండూ కలిసి ఆగాయి.

చిక్కడపల్లిలో బస్సు వెనక బస్సు హారన్ కొట్టింది. కొట్టుకోనిచ్చాను. సెంట్రల్ లైబ్రరీ ముందు చెట్ల కింద చదువుకుంటున్న కుర్రాళ్లు పుస్తకాల్లోంచి తలెత్తారు. ఒకడు లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. వెటకారమో మెచ్చుకోలో తెలియదు. రెండు వేళ్లెత్తి చూపించాను. ఈ వయసులో.

ట్యాంకర్ పైపు సంపులో పెట్టగానే పిల్లలంతా మెట్ల మీదికొచ్చారు. నీళ్లు పడుతున్న చప్పుడు విన్నారు. బ్యాగులు సర్దిన ఇద్దరూ పైకెళ్లి బట్టలు మళ్లీ బీరువాలో పెట్టుకున్నారని కమలవ్వ చెప్పింది.

ఆయన విజయవాడ వెళ్లారు. సైటు పని అన్నారు. చెప్పులేసుకుంటూ కారు వైపు చూశారు, నా వైపు చూడలేదు.

మే 15.

రెండు ట్రిప్పులు. దుప్పట్లు ఉతికే రోజు.

మే 19. శనివారం.

చిక్కడపల్లిలో కానిస్టేబుల్ ఆపాడు. కాగితాలన్నీ చూశాడు. కారు చుట్టూ ఒకసారి, ట్యాంకర్ చుట్టూ ఒకసారి తిరిగాడు. గింత మంచి బండికి గీ కర్మ ఏందమ్మా అన్నాడు. ఇన్నాళ్లూ దీనికి పనేం లేదు బాబూ, ఇప్పుడే ఉద్యోగం దొరికింది అన్నాను. పొమ్మన్నాడు.

రివర్స్ మాత్రం రావడం లేదు. స్టీరింగ్ కుడికి తిప్పితే ట్యాంకర్ ఎడమకి పోతుంది. అచ్చం మా ఆయనే. అందుకని వెనక్కి తిప్పాల్సిన సందుల్లోకి వెళ్లడం లేదు.

మే 24. గురువారం.

క్రాంతికుమార్ వచ్చాడు. కుర్చీ వేశాను. కమలవ్వ టీ ఇచ్చింది. గల్లీ గల్లీల నవ్వుతున్నరు మేడం, నా దందా ఖరాబయితున్నది అన్నాడు. పక్క హాస్టల్ వాళ్లు కూడా కర్రలు తెచ్చుకున్నారట. రేపటి నుంచి మా బండ్లే వస్తయ్, మీరు గా కారు లోపల పెట్టుకోండ్రి. ఒక్కటే మాట, కర్ర పెట్టొద్దు.

మూడు రోజులు కళ్లు మూసుకుంటే పరీక్ష అయిపోతుంది. ఒక్క క్షణం అనిపించింది. దాచను.

కర్ర ఉంటుందన్నాను.

టీ సగంలో వదిలేసి లేచాడు. చూస్త అన్నాడు.

మే 26. శనివారం. సాయంత్రం 6.

చూశాడు.

మధ్యాహ్నం నాలుగింటికి నిండు ట్యాంకర్‌తో వస్తే మా వీధి మొదట్లో ట్రాక్టర్ అడ్డంగా పెట్టి ఉంది. డ్రైవర్ లేడు. ఎదురుగా టీ కొట్టులో క్రాంతికుమార్ పేపర్ చదువుతున్నాడు. బండి తియ్యమన్నాను. డ్రైవర్ చాయ్‌కి పోయిండు మేడం, తాళం వాని దగ్గరుంది అన్నాడు. టీ కొట్టులో కూర్చుని డ్రైవర్ టీకి పోయాడంటున్నాడు.

వెనక్కి తిప్పడం నాకు రాదు. సంపు ఎండి ఉంది. తెల్లారితే పరీక్ష. హాస్టల్ అక్కడికి ఎనభై అడుగుల దూరం. నాకు ఏడుపొచ్చింది. కోపంతో వచ్చింది, అయినా ఏడుపే.

మంజులకి ఫోన్ చేశాను. కిందికి వస్తుందనుకున్నాను. ముప్పై ఆరుగురూ వచ్చారు. చేతుల్లో బకెట్లు, మగ్గులు, కమలవ్వ చేతిలో అన్నం వార్చే గిన్నె. ఎవరూ చెప్పకుండానే వరసలో నిలబడ్డారు. ట్రాక్టర్‌కీ గోడకీ మధ్య ఒక మనిషి పట్టే సందుంది. అందులో సన్నటి పిల్ల ఒకతి నిలబడి ఇటు అందుకుని అటు ఇచ్చింది. నేను ట్యాంకర్ పంపు దగ్గర. చేతిలోంచి చేతిలోకి సంపు దాకా. ఒక చేత్తో బకెట్ అందిస్తూ ఇంకో చేత్తో కరెంట్ అఫైర్స్ కాగితం పట్టుకుందొకతె. దాన్ని తిట్టాను. ముద్దొచ్చింది కూడా.

ఎదురింటి వాళ్లు వచ్చారు. ఇస్త్రీ బండి ఆవిడ వచ్చింది. డెబ్బయ్యో బకెట్ దగ్గర టీ కొట్టు యజమాని కూడా లేచొచ్చి వరసలో నిలబడ్డాడు. క్రాంతికుమార్ ఒక్కడే బల్ల మీద మిగిలాడు. అప్పుడు జేబులోంచి తాళం తీశాడు. ట్రాక్టర్ ఎక్కుతూ, తీస్తున్న మేడం, లోపలికి పోనియ్యండ్రి అన్నాడు.

ఇప్పుడు అక్కర్లేదన్నాను. పిల్లలు నిలబడ్డారు, బకెట్లు కదులుతున్నాయి. చివరి బకెట్ దాకా చేతుల మీదే మోశాం. మంజుల లెక్క నూట అరవై రెండు.

ఆయన మూడింటికే విజయవాడ నుంచి వచ్చారట. మేడ మీద పిట్టగోడ పట్టుకుని మొదటి నుంచీ చూస్తున్నారు. నేను చూశాను. ఆయన దిగి రాలేదు. ఆ మాట కూడా రాసి పెట్టుకుంటున్నాను.

మే 27. ఆదివారం. ఉదయం 8.

ముప్పై ఆరుగురూ తలంట్లు పోసుకుని పరీక్షకి వెళ్లారు. సంపు ఖాళీ. నాకు చెంబుడు నీళ్లు కూడా మిగల్లేదు.

కింద హారన్. చూస్తే ఆయన. తెల్ల చొక్కా నిండా గ్రీజు, వెనక ట్యాంకర్ తగిలించి ఉంది, స్టీరింగ్ ముందు కూర్చున్నారు.

పక్క సీట్లోకి జరగమన్నాను.